మీరాలం చెరువులో గులాబీ తల బాతు

ఉప్పుగూడ,
11 నవంబరు 2024

తమ్ముడు వేణుగోపాల్‌కు ఆండాలక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెట్టాను. బాగున్నది మాత్రం నేనొక్కదాన్నే. మీ బావ బాగాలేడు. జ్వరం లేదు, షుగర్ పెరగలేదు, బీపీ నాకంటే తక్కువే. మనిషి మాట్లాడటం మానేశాడు. మీ బావ మాట్లాడటం మానేశాడంటే నువ్వు నమ్మవని తెలుసు. మొదట్లో నేనూ నమ్మలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఒక వారం పండగ చేసుకున్నాను. తర్వాత భయం పట్టుకుంది.

వేసవిలో బర్రెల్ని అమ్మేశాక ఆయనకు మిగిలిన పని ఒక్కటే, పొద్దున్నే స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో చాయ్. అక్కడికి శివయ్య వస్తాడు, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. మీ బావ చెప్పే కథ నీకు తెలిసిందే కదా. చిన్నప్పుడు వాళ్ళ నాయిన భుజాల మీద కూర్చుని మీరాలం చెరువులో గులాబీ రంగు తల ఉన్న బాతును చూశాడు. ఆ కథ మా పెళ్ళిలో తలంబ్రాల మధ్య చెప్పాడు. చావు జరిగిన ఇళ్ళలో కూడా చెబుతాడు. పోయిన నెల శివయ్య ఫోనులో వెతికి అందరి ముందూ పైకి చదివాడట. ఆ జాతి బాతు అంతరించిపోయిందట. మీ బావ పుట్టకముందు నుంచే ఎవరి కంటా పడలేదట.

"మరి నీకొక్కనికే ఎట్ల కనవడ్డది లక్ష్మయ్యా? పెండ్లికి పోతున్న బాతు గావచ్చు, మొఖానికి పౌడర్ కొట్టుకొని వచ్చింటది" అన్నాడట. హోటలంతా నవ్వింది. చాయ్ పోసేవాడు కూడా నవ్వాడు. అదే మీ బావకు ఎక్కువగా తగిలింది.

ఆ రోజు నుంచి గడప దాటలేదు. ఖాళీ కొట్టం వైపు ముఖం పెట్టి మంచం మీద కూర్చుంటాడు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు.

నువ్వు అమ్రాబాద్ అడవిలో సిగ్నల్ అందని క్యాంపులో కూర్చున్నావు కాబట్టి ఉత్తరమే గతి. ఒకందుకు మంచిదే, ఫోనులో అయితే ఈయన వింటాడు. ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ఆ గులాబీ తల బాతు అచ్చంగా ఎలా ఉండేదో రాసి పంపు. తల ఏ రంగు, ముక్కు ఏ రంగు, ఒళ్ళు ఏ రంగు, అన్నీ రాయి. ఎందుకని అడగకు. అక్క అడిగితే తమ్ముడు చెప్పాలి, అంతే.

మీ పులులకు దూరం నుంచే నా నమస్కారం.

ఆండాలు


అమ్రాబాద్ అడవి క్యాంపు,
20 నవంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం పప్పు బస్తాకూ కిరోసిన్ డబ్బాకూ మధ్య ప్రయాణించి వచ్చింది. సగం అక్షరాలు కిరోసిన్ తాగేశాయి. అయినా విషయం అర్థమైంది, నువ్వు దాచిపెట్టింది కూడా అర్థమైంది. బావకు మతిమరుపు మొదలైంది, అవునా? మాట్లాడకపోవడం, శూన్యంలోకి చూడటం ఆ జబ్బు లక్షణాలే. మా రేంజర్‌గారి మామగారికి ఇలాగే మొదలై, చివరికి ఆయన రేంజర్‌గారిని దొంగ అనుకుని కర్ర తీసుకున్నాడు. ఆలస్యం చేయకుండా మంచి డాక్టరుకు చూపించు.

ఇక బాతు సంగతి. బావ బుర్రకు పాత జ్ఞాపకాలతో వ్యాయామం చేయించడానికి గోడ మీద ఆ బొమ్మ వేయిస్తావని ఊహించాను. మంచి ఆలోచన. రాసుకో. ఒళ్ళంతా ముదురు గోధుమ, దాదాపు కాల్చిన కాఫీ గింజ రంగు. మగదానికి తలా, మెడ వెనక భాగమూ గులాబీ. రోజ్ మిల్క్ అంత ముదురు కాదు, కాస్త వెలిసినట్టు ఉండాలి. ముక్కు కూడా గులాబీయే. మెడ చుట్టూ సన్నటి తెల్ల పట్టీ. కళ్ళు ఎర్రన.

కానీ ఒక మాట. బావ చూసింది అది కాదు. మన చెరువులకు చలికాలంలో ఎర్రతల బాతులు వలస వస్తాయి. ఎండ పడితే వాటి తల ఒక్కో కోణంలో ఒక్కో రంగులో కనిపిస్తుంది. పెద్ద పెద్దవాళ్ళే పొరబడ్డారు, అప్పటికి బావ వయసెంత? ఈ మాట ఆయనతో అనకు.

నిన్న మా వంటవాడు ఎలుగుబంటిని చూసి అన్నం గిన్నెతో సహా చెట్టెక్కాడు. అన్నం బాగానే ఉడికింది.

డాక్టరు ఏమన్నాడో రాయి.

వేణు


ఉప్పుగూడ,
9 డిసెంబరు 2024

బంగారు తమ్ముడికి,

డాక్టరూ లేదు, మందూ లేదు. మీ బావ లేచాడు!

ఉప్పుగూడ గేటు దగ్గర రంగుల కోడిపిల్లలు అమ్మే ఎల్లేష్ నీకు గుర్తున్నాడా, పచ్చవీ, ఎర్రవీ బుట్టలో వేసుకుని తిరుగుతాడు. మన కాలనీ వాట్సాప్ గ్రూపులో అతనొక ఫోటో పెట్టాడు. ఎవరో చేపలు పట్టేవాళ్ళు పంపారట. మీరాలం చెరువు ఒడ్డున, గడ్డి పక్కన, గులాబీ తలతో ఒక బాతు! కాస్త మసకగా ఉందనుకో. అయినా ఇలాంటి ఫోటోలు లోకంలో ఎక్కడైనా మసకగానే ఉంటాయి కదా.

నేను ఏమీ ఎరగనట్టు ఫోను మీ బావ చేతిలో పెట్టాను. చూశాడు. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్ళీ చూశాడు. ఎన్నాళ్ళకో నోరు తెరిచి మొదటి మాట అన్నాడు.

"ఏమే, నా తెల్లంగి ఏడవెట్టినవ్?"

ఆ అంగీ వేసుకుని నేరుగా హోటలుకు పోయి, శివయ్య ముందు ఫోను పెట్టి "ఇప్పుడు సదువు" అన్నాడట. శివయ్య ఫోటోను పెద్దది చేశాడు, చిన్నది చేశాడు.

"మస్క మస్క ఉన్నది గదా" అన్నాడు.

"నువ్వు స్టూడియోల కూసున్నట్ల అది కూసుంటదా?" అన్నాడట మీ బావ. ఈసారి చాయ్ పోసేవాడు శివయ్యను చూసి నవ్వాడు.

అక్కడితో ఆగలేదు. ఒక పేపరువాళ్ళు మీ బావ బొమ్మ వేశారు. చిన్నప్పుడే చూసిన మనిషి అని. ఫిరంగుల్లాంటి కెమెరాలు భుజాన వేసుకుని మనుషులు చెరువుకు వస్తున్నారు. హోటలువాడు చాయ్ కప్పుల మీద బాతు బొమ్మ వేయించాడు, అది చూడటానికి చిలకలా ఉంది. ఒక నాయకుడు చౌరస్తాలో బాతు విగ్రహం పెట్టిస్తానని మాట ఇచ్చి, మీ బావకు శాలువా కప్పి వెళ్ళాడు. శివయ్య పూర్తిగా మనవైపు తిరిగిపోయాడు. ఆయన తాత కూడా ఆ బాతును చూశాడట, ఇన్నాళ్ళూ మర్చిపోయాడట.

మీ బావ ఇప్పుడు పొద్దున్నే చెరువుకు పోతాడు. వచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తింటాడు. ఉప్పు ఎక్కువైందని నన్ను తిడుతున్నాడు. చెవులకు ఎంత హాయిగా ఉందో.

అంతా దేవుడి దయ.

ఆండాలు


అమ్రాబాద్ అడవి క్యాంపు,
18 డిసెంబరు 2024

అక్కా,

దేవుడిని ఇందులోకి లాగకు.

నీ ఉత్తరమూ, మా ఆఫీసు ఉత్తర్వూ ఒకే జీపులో వచ్చాయి. జనవరిలో నగరంలోని చెరువుల దగ్గర జరిగే పక్షుల లెక్కకు నన్ను పంపుతున్నారు. దాంతోపాటు మీరాలం చెరువులో కనిపించిన 'గులాబీ తల బాతు' సంగతి విచారించి నివేదిక ఇవ్వాలట. నీటిపక్షుల గురించి నాకు తెలుసనీ, ఆ ప్రాంతం వాడిననీ పైవాళ్ళు ముచ్చటపడి నన్నే ఎంచారు. ఉత్తర్వుకు ఫోటో కూడా జతచేశారు.

ఫోటో చూశాను. మొదట గుండె ఆగింది, నిజంగానే. ఈ ఉద్యోగంలో ఎవరికైనా అలాంటి ఫోటో చూస్తే ఆగుతుంది. తర్వాత మెడ చూశాను.

అక్కా, నేను నీకు రాసిన ఉత్తరంలో ఒక తప్పు ఉంది. గులాబీ తల బాతుకు మెడలో తెల్ల పట్టీ ఉండదు. అది పచ్చతల బాతుకు ఉంటుంది. గబగబా రాస్తూ రెండు బాతుల్ని కలిపేశాను. అంటే గులాబీ తలా, తెల్ల పట్టీ రెండూ ఉన్న బాతు నా ఉత్తరంలో తప్ప సృష్టిలో ఎక్కడా లేదు. ఇప్పుడు అది మీరాలం చెరువులో ఈదుతోంది.

బావ ఇంత పని చేస్తాడనుకోలేదు. శివయ్య మీద కక్షతో నీ చేత నాకు ఉత్తరం రాయించి, నా చేత బాతు తయారు చేయించుకున్నాడు! మతిమరుపు అనుకుని నేను జాలిపడ్డాను. మనిషి గడప దాటకుండా, మంచం మీద కూర్చుని ఊరందరినీ ఆడించాడు. ఆ శాలువా తిరిగి ఇచ్చేయమను. నేను వచ్చేలోగా తప్పు ఒప్పుకోమను.

వేణుగోపాల్, సెక్షన్ ఆఫీసర్
(తమ్ముడిని అని కూడా గుర్తుంచుకో)


ఉప్పుగూడ,
27 డిసెంబరు 2024

సెక్షన్ ఆఫీసర్ గారికి,

మీ బావను అనడానికి నీకు నోరెలా వచ్చింది? పాలలో నీళ్ళు కలపడం కూడా చేతకాక వ్యాపారం ముంచుకున్న మనిషి. ఆయనకు అంత తెలివి ఎక్కడిది? ఆ పని చేసింది నేను.

కోళ్ళు అమ్మే మురుగీ చౌక్‌కు పోయి ముదురు రంగు బాతు ఒకటి కావాలన్నాను. "అండోంకే వాస్తే హోనా, పకానేకే వాస్తే?" అని అడిగాడు అమ్మేవాడు, గుడ్లకా, కూరకా అని. "ఫోటో కే వాస్తే" అన్నాను. వాడు బాతును, నన్ను మార్చి మార్చి చూసి, "షాదీ హై క్యా ఇస్కీ?" అన్నాడు, దీనికేమైనా పెళ్ళా అని. రంగు వేసింది ఎల్లేష్. "అమ్మా, కోడిపిల్లనైతె ముంచి తీస్త. దీని తల ముంచితె సచ్చూకుంటది" అని కుంచెతో ఈక ఈకకూ అద్దాడు. ఆ బాతు అతని ముక్కు పట్టుకుని వదల్లేదు. తెల్ల పట్టీకి మీ బావ పాన్ డబ్బాలోని సున్నం పనికొచ్చింది. నువ్వు రాసిందానికి అక్షరం తేడా రాకుండా చేశాం, తప్పు నీది.

పక్కింటి బుచ్చమ్మను తోడు తీసుకుని, బాతును గోనెసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాం. సంచిలోంచి అరిచినప్పుడల్లా బుచ్చమ్మ దగ్గింది. చెరువు వచ్చేసరికి ఆటో అతను "పెద్దమ్మా, దవాఖానకు తీస్కపోవాల్నా?" అని అడిగాడు. కాలికి దారం కట్టి నీళ్ళలో వదిలాం. అది చేసిన మొదటి పని తల ముంచి కడుక్కోవడం! బుచ్చమ్మ చీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగింది. నేను తీసిన ఫోటోల్లో సగం బుచ్చమ్మ మోకాళ్ళే. ఒక్కటి కుదిరింది. నవ్వు ఆపుకోలేక చెయ్యి వణికింది, అందుకే మసక.

బాతు ఇప్పుడు బుచ్చమ్మ మిద్దె మీద ఉంది. నువ్వు గులాబీ తల మగదానికి అన్నావు. ఇది గుడ్లు పెడుతోంది.

నవ్వింది చాలు. అసలు సంగతి చెబుతాను. హోటలు గొడవ అయ్యాక, దువ్వెన కోసం గూట్లో వెతుకుతుంటే మీ బావ వెనక నుంచి అడిగాడు.

"ఆండాలూ, నేను నిజంగ చూసిన్నా?"

బాతును చూపించిన మరుసటి ఏడే వాళ్ళ నాయిన పోయాడు. ఆయన గురించి మీ బావకు మిగిలిన జ్ఞాపకం ఆ ఒక్కటే, ఆ భుజాలు, ఆ నీళ్ళు, ఆ బాతు. బాతు అబద్ధమైతే మిగతావి కూడా అబద్ధమేమోనని ఆయనకు బెంగ. ఆ ముఖం చూసి ఉంటే నువ్వయితే ఏనుగుకు కూడా రంగు వేసేవాడివి.

నీ నివేదికలో ఏం రాస్తావో నీ ఇష్టం.

ఆండాలు


అమ్రాబాద్ అడవి క్యాంపు,
5 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్విన నవ్వుకు మా వంటవాడు మళ్ళీ చెట్టెక్కాడు. చివరి పేరా దగ్గరికి వచ్చాక నవ్వలేకపోయాను.

అయినా నా మాట విను. పెంపుడు బాతుకు రంగు వేసినందుకు నిన్ను ఎవరూ జైల్లో పెట్టరు. తెలిసీ దాచినందుకు నన్ను మాత్రం సస్పెండ్ చేస్తారు. అది కూడా పక్కన పెట్టు. ఆ చెరువుకు ఈ కాలంలో వేల మైళ్ళ నుంచి నిజమైన బాతులు వస్తాయి. ఇప్పుడు మనుషులు నాటు పడవల్లో వాటి మధ్యకు పోయి, గులాబీ తల కోసం అన్నింటినీ లేపుతున్నారట. తిండి తిననివ్వడం లేదు. నీ బాతు ఒకటి బుచ్చమ్మ మిద్దె మీద సుఖంగా ఉండటానికి అవి ఆకలితో ఎగురుతున్నాయి.

నేను ఇరవై నాలుగున వస్తాను. అది రంగు వేసిన బాతని అందరి ముందూ చెబుతాను. ఆలోగా బావకు నువ్వే చెప్పు. పరాయివాళ్ళ ముందు, నా నోటి నుంచి వినాల్సిన మాట కాదు అది.

మెల్లగా చెప్పు. తినేటప్పుడు చెప్పకు.

వేణు


ఉప్పుగూడ,
17 జనవరి 2025

వేణూ,

చెప్పాను. నమ్మలేదు!

చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, "ఆ ఫోటో నేను తీసిన, ఆ బాతుకు రంగు ఎల్లేష్ ఏసిండు" అన్నాను. ఆయన చాయ్ పూర్తిగా తాగాడు.

"నీకు ఫోన్ల అలారం బంద్ చెయ్యనికి రాదు. ఫోటో తీసినవా?"

"దేవుని మీద ఒట్టు."

"ఏ దేవుడు?"

దీనికి నేనేం చెప్పాలి? పాన్ డబ్బాలో సున్నం అన్నాను, సున్నం ఎప్పుడూ తగ్గుతూనే ఉంటుందన్నాడు. ఎల్లేష్‌ను పిలిపించాను. వాడు మీ బావ ముఖం చూసి భయపడి, "నాకేం ఎరుక లేదు పెద్దయ్యా, నేను కోడిపిల్లలకే ఏస్త" అని బుట్ట ఎత్తుకుని పోయాడు. చివరికి మీ బావకు అంతా అర్థమైపోయింది, తప్పుగా.

"వేణుగాడు చెప్పించిండు నీతోని. పక్షి దొరికితె చెరువు సుట్టు కట్టడాలు బంద్ జెయ్యాలె గదా, పెద్దోళ్ళకు నష్టం. అందుకని సర్కారోళ్ళు లేదనిపిస్తున్నరు. నువ్వేం ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట."

వెళ్ళి హోటల్లో ఇదే చెప్పాడు. నన్ను బెదిరించారని ఇప్పుడు ఊరంతా అంటోంది. దారిలో ఆడవాళ్ళు ఆపి ధైర్యం చెబుతున్నారు. శివయ్య అట్టల మీద నినాదాలు రాస్తున్నాడు. నేనే చేశానని నేనే చెబితే నమ్మే దిక్కు లేదు ఈ కాలనీలో.

బాతునో, మిగతా ఫోటోలనో చూపించమంటావు. చూపిద్దామనే బుచ్చమ్మ ఇంటి దాకా వెళ్ళి, మెట్ల దగ్గర ఆగిపోయాను. ఆయన ఇంట్లో పాట పాడుతున్నాడు వేణూ, గొంతు బాగుండదు, అయినా పాడుతున్నాడు. వెనక్కి వచ్చేశాను.

నువ్వు ఆ రోజు చెరువు దగ్గర మెల్లగా మాట్లాడు. అనుమానంగా ఉంది అని చెప్పి వదిలెయ్యి.

ఆండాలు


అమ్రాబాద్ అడవి క్యాంపు,
30 జనవరి 2025

అక్కకు,

క్షేమంగా చేరాను. చొక్కా మాత్రం క్షేమంగా లేదు, దాని మీద ఎవరో టమాటా విసిరారు.

మెల్లగానే మాట్లాడాను, నువ్వు చూశావు. "ఇది రంగు వేసిన పెంపుడు బాతు, ఆ జాతికి మెడలో తెల్ల పట్టీ ఉండదు" అన్నాను. శివయ్య "సర్కారు కుట్ర" అని అరిచాడు. ఇంకెవరో "రంగు ఏసినట్టు నీకెట్ల తెలుసు? ఏసినోన్ని చూపియ్యి!" అన్నారు. నేను గుంపు వెనక్కి చూశాను. నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డావు. అందుకని నోరు మూసుకున్నాను.

అప్పుడు బావ ముందుకు వచ్చాడు. "నువ్వు నా బామ్మర్దివి గాదు. అబద్ధాల మనిషివి" అన్నాడు.

అక్కా, మన నాన్న పోయాక నన్ను ఆ ఇంటికి తెచ్చుకుంది ఆయన. బర్రెల పక్కన గోడకు నల్లరంగు పూసి నాకు ఎక్కాలు నేర్పింది ఆయన. పాలు పిండుతూ పిండుతూ వెనక్కి తిరగకుండానే నా తప్పులు పట్టేవాడు. ఆయన నోటి నుంచి ఆ మాట నేను విన్నాను, చెయ్యని తప్పుకు. అక్కడి దాకా వచ్చి ఆ ఇంట్లో చాయ్ తాగకుండా తిరిగి రావడం నాకిదే మొదలు.

ఆయన పాట ఆగిపోతుందని నీ భయం. నా మీద ఆయనకున్న నమ్మకం ఆగిపోయింది, అది కూడా నీ లెక్కలోకి వస్తే బాగుండేది.

నివేదిక ఇవ్వడానికి గడువు అడిగాను. ఇచ్చారు, ముఖం చిట్లించి. అందులో నీ పేరు రాయలేను, రాయకుండా ఉండలేను, ఏం చేయాలో తెలియక కూర్చున్నాను. నీ జవాబు వస్తే చదువుతాను.

వేణుగోపాల్


ఉప్పుగూడ,
12 ఫిబ్రవరి 2025

తమ్ముడా,

నీ ఉత్తరం చదివి వంట చేయలేదు. మీ బావ "ఏందే, ఉపాసమా?" అని అడిగాడు. "లెవ్వు, అంగేసుకో" అన్నాను. చెయ్యి పట్టుకుని బుచ్చమ్మ మిద్దె ఎక్కించాను.

బాతు నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది, నూకలు తెచ్చాననుకుని. రంగు సగం వెలిసి, సగం ఊడి, జబ్బు చేసిన పెళ్ళికూతురిలా ఉంది. ఫోను తీసి మిగతా ఫోటోలు కూడా చూపించాను, బుచ్చమ్మ మోకాళ్ళతో సహా. బుచ్చమ్మ "అన్నా, జర మాట ఇను" అని ఏదో మొదలుపెడితే "నువ్వు కిందికి పో చెల్లె" అన్నాడు, కోపంగా కాదు.

నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. బాతు దగ్గరికి వచ్చింది. అది ఆయన చెప్పును పొడుస్తుంటే ఊరుకున్నాడు.

"అంటె నువ్వు నన్ను నమ్మలే" అన్నాడు.

"నమ్మకపోతె ఇంత కష్టం ఎందుకు వడ్తనయ్యా? నీ కోసమే గద చేసింది!"

"నమ్మితె రంగు ఎందుకు ఏస్తవే? నాతోని చెర్వు కాడికి వస్తుంటివి."

వేణూ, ఆ కథ పెళ్ళి నాటి నుంచి వింటున్నాను. వింటూ కూరగాయలు తరిగాను, బియ్యం ఏరాను, నవ్వాను, విసుక్కున్నాను. మనిషికి దాని మీద బెంగ అని తెలిసి మందు వేశాను గానీ, అది జరిగిందేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. శివయ్య హోటల్లో నవ్వాడు, నేను ఇంట్లో నవ్వకుండా నవ్వాను. అంతే తేడా.

ఆ వారం ఆయన నాతో మాట్లాడలేదు. పాత మౌనం కాదు. అందరితో మాట్లాడుతున్నాడు, నాతో తప్ప. అదెంత కష్టంగా ఉందో రాయడం నాకు చేతకాదు.

మొన్న తెల్లంగి వేసుకుని హోటలుకు వెళ్ళాడు. ఎల్లేష్ అక్కడే ఉన్నాడట, వాడు చెప్పాడు. మీ బావ కుర్చీ పక్కన నిలబడి, "ఫోటో దొంగది. మా ఇంట్లనే తయారైంది. నా బామ్మర్ది సచ్చమే చెప్పిండు, నేనే నోరు జారిన. కని నేను చిన్నప్పుడు చూసింది దొంగది గాదు. నవ్వేటోళ్ళు ఇప్పుడే నవ్వుండ్రి, మల్ల నవ్వితె బాగుండది" అన్నాడట. ఎవరూ నవ్వలేదు. శివయ్యకైతే ఏడుపు ఒక్కటే తక్కువ. తన తాత చూశాడని పేపరుకు చెప్పాడు కదా, ఇప్పుడు తాతను ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు. విగ్రహం ఇస్తానన్న నాయకుడు ఫోను ఎత్తడం లేదు. శాలువాను బాతు గంప మీద కప్పాం.

నీ నివేదిక కోసం మీ బావ సంతకం చేసిన కాగితం ఇందులో పెట్టాను. 'మా ఇంటివాళ్ళు చేసిన పని' అని రాశాడు. 'నా భార్య' అని రాయమన్నాను, నేనే కదా చేసింది. "ఇంట్ల జరిగితె ఇంటిదే" అన్నాడు. నువ్వు నా పేరు కూడా రాసెయ్యి, నాకేం భయం లేదు. నిన్ను ఆ గుంపులో ఒంటరిగా నిలబెట్టి నేను కొంగు కొరుక్కున్నాను చూడు, ఆ సిగ్గుకంటే ఏదైనా తక్కువే. చొక్కా పంపు, ఉతికి పెడతాను. లేకపోతే నువ్వే రా, మీ బావ నీ కోసం చాయ్‌పత్తి కొత్తది తెచ్చి పెట్టాడు. పిలవమని నాతో అనలేదు. డబ్బా మాత్రం నాకు కనబడేట్టు పెట్టాడు.

ఇవాళ పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటుంటే "నేను గూడ వస్త" అన్నాను. "మోకాళ్ళు నొస్తయంటివి గదా" అన్నాడు. "నొస్తె నొయ్యనియ్యి" అన్నాను. దారంతా ఆయన ముందు, నేను వెనక.

చెరువు దగ్గర ఇప్పుడు కెమెరాలు లేవు, పడవలు లేవు. ఒక చోట ఆగి, "గీడనే. మా నాయిన గీడ నిలవడ్డడు" అన్నాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి నేను అడిగాను.

"అదేం చేస్తుండె అప్పుడు?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. తర్వాత ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదనుకుంటాను.

"ఏం చెయ్యలే. నా దిక్కు చూసింది. మల్ల మునిగింది. నాయిన 'లేస్తది చూడు బిడ్డా' అన్నడు. నేను చూసుకుంటనే ఉన్న."

గట్టు మీద కూర్చున్నాం. నీళ్ళ నిండా బాతులే, నువ్వు చెప్పినవే అయి ఉంటాయి, దూరం నుంచి వచ్చినవి. ఒకటి మునిగేది. అది పైకి లేచేదాకా ఇద్దరం ఆ చోటే చూసేవాళ్ళం. తల నల్లగా లేచేది. ఇంకొకటి మునిగేది. ఎండ ఎక్కేదాకా అలాగే కూర్చుని, ఆకలేసి ఇంటికి వచ్చాం.

మీ అక్క,
ఆండాలు